గడప దాటని కారు

మా బోధన్‌లో సొంత కారును సొంత చేతులతో, ముహూర్తం చూసి, మంత్రాలు చదివించి, కొబ్బరికాయ కొట్టి మరీ జైల్లో వేసిన మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ ఇది రాస్తున్నవాడే. జరిగి పాతికేళ్లు దాటింది. ఊళ్లో దీన్ని తలా ఒక రకంగా చెప్పుకుంటున్నారు. ఒకరి కథలో నేను కారులో కూర్చుని ఉండగానే బయట తలుపు బిగించుకున్నాను. ఇంకొకరి కథలో కారు పైకప్పు రంపంతో కోశాను. అన్నీ అబద్ధాలు. జరిగింది ఇంతకంటే అధ్వానం. అబద్ధాలకు నవ్వేవాళ్లు నిజానికి ఎంత నవ్వుతారో చూద్దామని కాగితం తీశాను.

ముందు నా గురించి. బడి ఏడో తరగతిలోనే నన్ను వదిలేసింది. నేను మాత్రం చదువును వదల్లేదు. ఎరువుల దుకాణంలో కూర్చుని, పొట్లం కట్టిన కాగితం దగ్గర్నుంచి పురుగుమందు డబ్బా మీది హెచ్చరిక దాకా కంటపడ్డ ప్రతి అక్షరమూ చదివాను. హోమియోపతి చదివాను. వాస్తు చదివాను. తేనెటీగల పెంపకం చదివాను. రేడియో మరమ్మతు చదివిన వారంలోనే మా ఇంట్లో రేడియో మాట్లాడటం మానేసింది, అది వేరే సంగతి.

అప్పట్లో నా దగ్గర ఒక పాత తెల్ల అంబాసిడర్ కారు ఉండేది. నిజామాబాద్‌లో రిటైరైన ఒక ఆఫీసరు దగ్గర కొన్నాను. దాన్ని నడిపింది తక్కువ, తుడిచింది ఎక్కువ. ఆదివారం బయటికి తీసి, బస్టాండు దాకా పోయి, తెలిసినవాళ్లు నలుగురైనా చూసేదాకా అక్కడే తిప్పి, తెచ్చి ఇంటిపక్క షెడ్డులో పెట్టేవాణ్ని. మిగతా ఆరు రోజులు అది దుప్పటి కప్పుకుని, బాలింతలా బయటిగాలి తగలకుండా పడుకునేది.

షెడ్డుకు మూడు గోడలు, పైన రేకులు. నాలుగో వైపు ఖాళీ, నేరుగా వీధి. చెరుకు సీజన్ వచ్చిందంటే రుద్రూర్ వైపు నుంచి ఫ్యాక్టరీకి పోయే ట్రాక్టర్లు మా వీధిలోంచే పోయేవి. ట్రాలీ వెడల్పు ఎంతైనా, చెరుకు దానికి రెండింతలు. పక్కలకు వేలాడే గడలు పోతూ పోతూ నా కారు వీపును గీరి పలకరించిపోయేవి. సీజన్ అయ్యేసరికి కారు వెనకభాగం నిండా చారలు, పిల్లి ఎక్కి దిగిన పరుపులాగా.

దానికి తలుపు పెట్టాలి. ఇనుప షట్టర్ పెట్టమన్నారు. షట్టర్ దుకాణానికి పెడతారు, నేను కారును అమ్ముకోవడానికి కూర్చోలేదు కదా! అదే సమయంలో పాత కాగితాలవాడి దగ్గర నాకొక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. అందులో ఏదో చలిదేశంలో కారు గదికి పెట్టిన చెక్క తలుపు బొమ్మ ఉంది. రెండు పెద్ద రెక్కలు, పైన విల్లులాంటి వంపు, చూస్తే జమీందారు గడీకి కూడా అంత అందం ఉండదు. పక్కన రాసింది నాకు సగం అర్థమైంది. అర్థం కాని సగాన్ని ఊహతో పూడ్చుకున్నాను. సొంతంగా చదువుకున్నవాళ్లమందరం అంతే, గుంత కనిపిస్తే మట్టి మేమే పోసుకుంటాం.

ఆ బొమ్మలో తలుపు అడుగున మంచు పేరుకుని ఉంది. మంచు కింద ఏముందో కనపడలేదు. గడప ఉంటుందని నేననుకున్నాను. దర్వాజ అన్నాక అడుగున ఇంకేముంటుంది, చెప్పండి?

పుస్తకం చంకన పెట్టుకుని మహబూబ్ దగ్గరికి పోయాను. మహబూబ్ మా వీధి చివరి వడ్రంగి. ఊళ్లో సగం మంచాలు, ముప్పాతిక తలుపులు అతని చేతివే. నాకంటే నాలుగేళ్లు పెద్ద. నేను అన్నా అంటాను, దుకాణం ఉంది కాబట్టి అతను నన్ను సేటూ అంటాడు.

బొమ్మను అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"కింద గీ తెల్లగున్నదేంది సేటూ? పత్తినా?"

"మంచు."

"మన బోధన్ల మంచెక్కడిదే?"

"మంచు చెయ్యమంటలేనన్నా, దర్వాజ చెయ్యమంటున్న."

"చేస్త. దానికేంది. మూడు కట్టెలు తెప్పియ్యి. నిలువుకు రెండు, మీదికి ఒకటి. రెక్కలకు పలకలు వేరే."

"మరి నాలుగోది?"

"నాలుగోది ఎందుకు?"

అక్కడే నాకు ఒళ్లు మండింది. వడ్రంగివాడు నాకు కొలత తక్కువ చూపిస్తున్నాడు, నేను పుస్తకం చదివినవాణ్నని తెలిసి కూడా!

"అన్నా, మా తాత ఇంటి దర్వాజకు నాలుగు కట్టెలు. మా బాపు ఇంటికి నాలుగు. నా ఇంటికి నువ్వే చేసినవు, నాలుగు. కారు దగ్గరికి వచ్చేసరికి ఒకటి ఎట్ల తక్కువైతది?"

"అవి మనుషుల దర్వాజలు సేటూ."

"కారుల పోయేది మనుషులు కాదా? బర్లా?"

మహబూబ్ నవ్వాడు. పళ్లు కనపడేలా, చేతిలో చెక్క నునుపు చేసే రందా పక్కన పెట్టి మరీ నవ్వాడు. "అరె బాబా, గడప పెడితే కారు..."

"చాలు! నా కారు సంగతి నాకే చెప్తవా? నీతోని కాదను, నేనే చేసుకుంట."

ఆ వాక్యంలో ఇంకో రెండు మూడు మాటలు మాత్రమే మిగిలి ఉండేవి. వినడానికి ఆరు సెకన్లు పట్టేది. ఆ ఆరు సెకన్లు మిగుల్చుకుని నెలన్నర పని పెట్టుకున్నాను.

మహబూబ్‌కు కోపం రాలేదు. అతనికి నాతో వేరే పని ఉంది.

"సరె, నీ ఇష్టం. గాని పెండ్లికి కారిస్తవు గదా? మాట తప్పవు గదా సేటూ?"

ఆ పెళ్లి సంగతి చెప్పాలి. మహబూబ్ కొడుకు యూసుఫ్‌కు కోటగిరిలో సంబంధం కుదిరింది. పిల్లకు ఒక మేనమామ ఉన్నాడు, మనిషికంటే నోరు పెద్దది. మాటలు కలుపుకునే రోజు పదిమందిలో ఆయన, "వడ్రంగోళ్ల బరాత్ ఎడ్లబండి మీద వస్తదేమో, ముందుగాల చెప్తే గడ్డి తెప్పించి పెడ్తం" అన్నాడట. మహబూబ్ లేచి నిలబడి, "నా కొడుకు కారుల వస్తడు" అనేసి వచ్చాడు. ఏ కారు? నా కారే. సీజన్ రోజులు, పెళ్లిళ్ల రోజులు. జీపులూ కార్లూ ఎప్పుడో మాట్లాడేసుకున్నారు. నేను కాదంటే అతను ఆ మేనమామ ముందు తల ఎత్తుకోలేడు.

"మాట తప్పుతనా? నా దర్వాజలకెల్లి మొదట బయటికొచ్చేది నీ కొడుకును ఎక్కించుకునే కారే అన్నా. రాసి పెట్టుకో," అన్నాను.

అతను నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆ తర్వాత చుట్టాలను పిలవడానికి సిరికొండ దిక్కు పోయాడు. అక్కడి నుంచి ఇంకెక్కడికో. పెళ్లి దగ్గర పడేదాకా ఊళ్లో లేడు. ఉంటే ఈ కథ ఉండేది కాదు.

కట్టె కోత మిషన్ దగ్గర టేకు కట్టెలు కొన్నాను. నాలుగు. అన్నిటికంటే లావుది గడపకు తీసుకున్నాను. మనుషుల ఇంటి గడప మనుషులకు తగ్గట్టు ఉంటుంది, కారు అంత బరువైనది కాబట్టి దాని గడప కూడా దానికి తగ్గట్టు ఉండాలని నా లెక్క. ఎనిమిదడుగుల పొడవు, ఎనిమిదంగుళాల ఎత్తు. రెండంగుళాలు నేలలోకి పోతే పైకి ఆరంగుళాలు. ఈ లెక్క నేనే వేశాను, కాగితం మీద వేశాను, రెండుసార్లు సరిచూశాను. ఎక్కడా తప్పు లేదు.

నెలన్నర మా వాకిలి వాకిలి కాదు. నా బొటనవేళ్లు రెండూ గుడ్డకట్లతో పెళ్లికొడుకు, పెళ్లికూతురు బొమ్మల్లా తయారయ్యాయి. ఉలి మీద వేయాల్సిన దెబ్బల్లో మూడోవంతు నాకే పడ్డాయి. మా ఆవిడ రాజమణి మొదటి వారం ఓర్చుకుంది. రెండో వారం అన్నం దగ్గర పళ్లెం నా ముందుకు జరిపింది.

"ఏందయ్యా, పప్పుల గిది?"

"టేకు పొట్టు. ఏం గాదు, మందసోంటిది."

"ఏ పుస్తకంల ఉన్నది?"

నేను పప్పులోంచి పొట్టు ఏరడం మొదలుపెట్టాను. కొన్ని ప్రశ్నలకు పుస్తకాల్లో జవాబు ఉండదు.

రాజమణి నా దర్వాజలో మెచ్చుకున్నది ఒక్క గడపనే. ఒకరోజు వచ్చి, వంగి, దాన్ని చేత్తో తడిమి, "గడప మంచిగ కుదిరింది" అంది. పెళ్లయ్యాక ఆమె నా చేతిపనిని మెచ్చుకోవడం అదే మొదలు. ఆ ఉత్సాహంలో గడపకు ఇంకోసారి రందా పట్టాను. నడిమధ్యలో ఒక తామరపువ్వు చెక్కాను. చూసినవాళ్లు తాబేలు అన్నారు. చూసేవాళ్ల చదువును బట్టి ఉంటుంది.

శుక్రవారం ముహూర్తం పెట్టించాను. అయ్యగారు వచ్చారు. గడప కింద నవధాన్యాలు, ఒక వెండి బిళ్ల వేశాం. గడపకు పసుపు, కుంకుమ బొట్లు. పైన మామిడాకులు. నా దుకాణం హమాలీలు ఎనిమిదిమంది దర్వాజను నిలబెట్టారు, అయ్యగారు మంత్రాలు చదివారు, రాజమణి మంగళహారతి పట్టింది. వీధి వీధంతా వచ్చింది. నలభై మందికి తక్కువ లేరు. తలా ఒక కొబ్బరిముక్క, బెల్లం తిన్నారు, "దర్వాజంటే గిది" అన్నారు, మూతులు తుడుచుకుని పోయారు.

ఇక్కడ నేను కొంచెం ఆగి నా ఆక్షేపణ రాసి పెట్టాలి. నలభై మంది! వాళ్లలో ట్రాక్టరు నడిపేవాళ్లు ముగ్గురు. బస్సు డ్రైవరు ఒకడు. తాలూకాఫీసులో పనిచేసేవాడు ఒకడు, వాడు బీఏ. కారు వాళ్ల కళ్లెదురుగా, అదే షెడ్డులో, దుప్పటి కప్పుకుని నిలబడి ఉంది. గడప వాళ్ల మోకాళ్ల ముందే లేచింది. ఒక్క నోరు, కనీసం బెల్లం నమలని ఒక్క నోరు, "ఇది ఇటెట్లొస్తది?" అని అడగలేదు. అందరూ కలిసి తప్పు చేశారు, పేరు నాకు ఒక్కడికే వచ్చింది. ఇప్పుడు నవ్వేది కూడా వాళ్లే.

ఆ ఆదివారం రెక్కల పనిలోనే పోయింది, కారు బయటికి తీసే తీరిక లేదు. సోమవారం రెక్కలు బిగించాను. మూస్తే వచ్చి గడపకు అతుక్కునేవి. "చీమ దూరదు" అని వచ్చినవాళ్లందరికీ తెరిచి మూసి చూపించాను. అది నిజమే. చీమ దూరలేదు.

బుధవారం మధ్యాహ్నం మహబూబ్ వచ్చాడు. మర్నాడే పెళ్లి. చంకలో రంగుకాగితాలు, చేతిలో జరీదండలు, మొహంలో వెలుగు.

"ఏది సేటూ, కారును సింగారిద్దాం!"

నేను మాట్లాడకుండా పోయి రెండు రెక్కలూ ఒకేసారి తెరిచాను. ఇలాంటి క్షణాల్లో మాట్లాడకూడదు. అవతలివాడి మొహం చూస్తూ నిలబడాలి.

మహబూబ్ దర్వాజను పైనుంచి కిందికి చూశాడు. కింద ఆగిపోయాడు. రంగుకాగితాలు నేల మీద పెట్టి, కూర్చుని, గడప ఎత్తు జానతో కొలిచాడు. తర్వాత తల ఎత్తి, జబ్బుపడ్డవాణ్ని అడిగినట్టు మెల్లగా అడిగాడు.

"సేటూ, గీ కారు లోపలికి ఎప్పుడు పోయింది?"

"దర్వాజ నిలబెట్టకముందే పెట్టిన."

"మరి బయటికి ఎప్పుడొస్తది?"

నేను గడపను చూశాను. కారును చూశాను. మళ్లీ గడపను చూశాను. నా జీవితంలో చదివిన పుస్తకాలన్నీ ఒక్కొక్కటే మూసుకున్న చప్పుడు వినపడింది.

"గిదే చెప్పవోయిన ఆ దినం," అన్నాడు మహబూబ్. "గడప పెడితే కారు దాటదు సేటూ అని. మధ్యలనే నోరు మూయిస్తివి."

"ఏం గాదన్నా. జోరుగ తీస్తే ఎగిరి దాటుతది."

"ఎగిరి దాటేతందుకు అది మేకపిల్లనా? ఇంజన్ ఈడ పడ్తది, నువ్వు ఆడ పడ్తవు."

"అయితే గడప తీసేద్దాం. రంపం ఉన్నది."

ఇంటి గుమ్మంలోంచి రాజమణి గొంతు వచ్చింది. ఆమె ఎప్పటి నుంచి వింటోందో తెలియదు.

"ఎవలయ్యా గడప తీసేది? శుక్రవారం దినం పూజ చేసి నిలబెట్టిన లక్ష్మిని, వారం తిరక్కముందే రంపంబెట్టి కోస్తవా?"

"మరి కారు..."

"టైర్లతోని తొక్కనియ్య. మనుషులం కాలు పెట్టం, ఊరంతా తిరిగొచ్చిన టైర్లు పెడ్తవా?"

మీకు తెలియనిదేముంది. గడప మీద కూర్చోకూడదు, నిలబడకూడదు, తుమ్మకూడదు. అటొకరు ఇటొకరు నిలబడి చేతికి వస్తువు అందించకూడదు. ఇవన్నీ మనుషులకు పెట్టిన రూళ్లు. కారుకు ఏ రూలు వర్తిస్తుందో ఎవరూ రాసి పెట్టలేదు. అందుకని రాజమణి అయ్యగారిని పిలిపించింది.

ఆయన కండువా సర్దుకుని తీర్పు చెప్పారు. "గడపను తొక్కడం దోషం. దాటడం దోషం కాదు. తాకకుండా పైనుంచి పోతే పోవచ్చు. మనం కాలెత్తి దాటుతం కదా, అట్లా."

"కారు కాలెత్తదు అయ్యగారూ," అన్నాడు మహబూబ్.

"వంతెన కడ్తం!" అన్నాను. సొంతంగా చదువుకున్న బుర్ర ఇలాంటప్పుడే పనిచేస్తుంది. గడపకు ఇటు రెండు వరసలు, అటు రెండు వరసలు ఎరువు బస్తాలు. వాటి మీద పలకలు. కారు పలకల మీద ఎక్కుతుంది, గడప మీదుగా పోతుంది, దిగుతుంది. గడపకు టైరు తగలదు.

అయ్యగారు ఒప్పుకున్నారు. "అయితే కుడిది ముందు దాటాలె."

ఇక్కడ చర్చ మొదలైంది. కారు మూతి లోపలికి పెట్టి ఉంది, వెనక్కి రావాలి. వెనక్కి వచ్చేదానికి కుడి ఏది?

"లోపల కూసున్నోనికి కుడిచెయ్యి దిక్కు ఏదుంటే అదే," అన్నాను.

"వీపు చూపిచ్చుకుంట గడప దాటుడేంది అసలు?" అంది రాజమణి. "గది ఇంకింత తప్పు."

"చెల్లె, కారుకు వీపెక్కడిది, డిక్కీ ఉంటది," అన్నాడు మహబూబ్. పాపం, ఆ రోజు అతను ఏ మతం గడపకైనా దండం పెట్టేలా ఉన్నాడు.

హమాలీలు బస్తాలు మోసుకొచ్చారు. పలకలు పరిచారు. నేను కారెక్కి, కుడి టైరు ఒక జానెడు ముందుండేలా కొంచెం ఏటవాలుగా తిప్పి, రివర్స్ గేరు వేశాను. వీధిలో మళ్లీ ఆ నలభై మందీ చేరారు. ఈసారి బెల్లం కూడా లేదు, అయినా వచ్చారు.

వెనక టైర్లు పలకలెక్కాయి. గడప మీదుగా వచ్చాయి. దాటాయి. బయటి బస్తాల మీదికి దిగాయి. జనం ఈలలు వేశారు. రాజమణి చేతులు జోడించింది. అప్పుడు పలకలు రెండూ ఒకేసారి, తుమ్మినట్టు, ఫటేలుమని విరిగాయి. కారు నడుము పోయి గడప మీద కూర్చుంది.

దిగి చూశాను. బస్తాలు పక్కకు జారిపోయి, వెనక టైర్లు వీధిలో గాలిలో తిరుగుతున్నాయి. ముందు టైర్లు షెడ్డులో ఉన్నాయి. పొట్ట లక్ష్మి మీద ఉంది. గడపకు ఇటొక కాలు అటొక కాలు వేసి, నట్టనడుమ, తీరిగ్గా, మా ఇంట్లో ఎవరూ ఏనాడూ చేయని పని నా కారు చేస్తోంది. అది కూడా సరిగ్గా దీపాలు పెట్టే వేళకు.

"లక్ష్మి ఇప్పుడు ఎట్లొస్తదయ్యా ఇంట్లకు?" అంది రాజమణి, వత్తి చేత్తో పట్టుకుని.

"ఇంటి దర్వాజ అటున్నది గదనే, అటు రమ్మను."

ఆమె నన్ను చూసిన చూపు గురించి రాయను. ఇప్పటికీ ఆ చూపులోంచి నేను పూర్తిగా బయటికి రాలేదు.

ఊరి సలహాలు మొదలయ్యాయి. గేర్లు తీసేయమన్నవాడు ఒకడు. గోడ కూలగొట్టి ముందుకు తీయమన్నవాడు ఒకడు. ఆ గోడకు అవతల మా వంటిల్లు. బీఏ అయితే, గడప అలాగే ఉంచి కారును రెండు ముక్కలు చేయొచ్చన్నాడు. మహబూబ్ మాత్రం నేల మీదికి వంగాడు. రంగుకాగితాల కట్ట ఏరుకుని, దుమ్ము దులిపి, చంకన పెట్టుకున్నాడు.

"పోనీ సేటూ. నువ్వు కావాలని చేసినవా? రేపు బస్సుల పోతం. ఆయన గడ్డి సంగతి అడిగితే, వెయ్యిమంట," అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు. నేను నవ్వలేకపోయాను. అతని వెనకాల వీధి చివరిదాకా చూస్తూ నిలబడ్డాను. తిట్టి ఉంటే బాగుండేది.

గురువారం పొద్దున లేచేసరికి రాజమణి షెడ్డు ముందుంది. తలస్నానం చేసి, పసుపునీళ్ల చెంబుతో, కారు పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఉంది. కారు కింద గడప ఎక్కడ కనపడుతుందో అక్కడ చెయ్యి పెట్టి మాట్లాడుతోంది, ఎదురింటి అవ్వతో మాట్లాడినట్టు.

"తల్లీ, పిలగాని పెండ్లి ఉన్నది. మా ఆయన మాటిచ్చిండు, తిక్కపని చేసిండు. రెండూ ఆయనే చేసిండు, నీ తప్పు లేదు. ఇంత జర పక్కకు జరుగు."

నీళ్లు చల్లి లేచింది. నావైపు తిరిగి, "పో, మహబూబన్నను పిల్సుకరా. రంపం తెమ్మను," అంది.

"నిన్న కొయ్యొద్దంటివి?"

"నిన్న నువ్వు కారు కోసం కోస్తనంటివి. గియ్యాల పెండ్లి కోసం కోస్తున్నం. మహబూబన్న నలుగుట్ల తలకాయ దించుకుంటే నేను గడపకు పసుపు రాసి ఏం లాభం?"

మహబూబ్ పెళ్లిబట్టల్లో వచ్చాడు. తెల్ల కుర్తా, కొత్త టోపీ, చెవిలో అత్తరు దూది, చేతిలో పెద్దరంపం. కొడుకు పెళ్లినాడు పొద్దున తండ్రి ఆ అవతారంలో వీధిలో నడవడం బోధన్ అంతకుముందు చూడలేదు. నేను రంపం అందుకోబోయాను.

"నువ్వు ముట్టకు సేటూ. నువ్వు కోస్తే పెండ్లి వచ్చే గురువారానికి పోతది."

హమాలీలు బొంగులు పెట్టి కారును కొంచెం పైకి లేపి పట్టారు. మహబూబ్ గడప రెండు చివర్లూ, నిలువుకట్టెలను ఆనుకుని, అక్కడొక కోత ఇక్కడొక కోత కోశాడు. టేకు పొట్టు అతని కుర్తా నిండా, గడ్డం నిండా. గడపను కారు కింద నుంచి లాగారు. కారు నాలుగు కాళ్లూ నేల మీద పెట్టింది. నేను వెనక్కి తీశాను. అది ఆవు కొట్టంలోంచి వచ్చినట్టు నెమ్మదిగా, ఏమీ ఎరగనట్టు వీధిలోకి వచ్చింది. ఏ టైరు ముందు వచ్చిందో ఎవరూ చూడలేదు.

ముఖం మీద పూలసెహరాతో యూసుఫ్ అప్పటికే వీధిలో నిలబడి ఉన్నాడు. ఎక్కాడు. పొట్టు దులుపుకునే తీరిక లేక మహబూబ్ అలాగే ఎక్కాడు. కోటగిరి దాకా నేను నడిపినంత జాగ్రత్తగా ఎవరూ నడిపి ఉండరు. దారిలో చిన్న గతుకొచ్చినా దిగి చూడాలనిపించింది.

నమాజు వేళకు ముందే చేరాం. మేనమామ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కారును చూశాడు, మొహం కొంచెం చిన్నబోయింది. తర్వాత మహబూబ్‌ను చూశాడు, మళ్లీ తేరుకున్నాడు.

"ఏంది బావా, గడ్డం నిండ పొట్టు? కొడుకు పెండ్లినాడు కూడ పని బందు పెట్టవా?"

మహబూబ్ గడ్డం దులుపుకున్నాడు. "కారు కొంచెం పెద్దగున్నది బావా. దారి కోసుకుంట వచ్చిన."

మేనమామ పక్కకు తప్పుకుని దారిచ్చాడు. పెళ్లి బాగా జరిగింది. బిర్యానీ గురించి వేరే రాయాలి.

వారం తర్వాత మహబూబ్ వచ్చి నిలువుకట్టెల కాళ్లు నేలలో సిమెంటుతో బిగించిపోయాడు. నా దర్వాజకు ఇప్పుడు మూడు కట్టెలు. అతను దాని గురించి ఒక్క మాట అనలేదు. అంత నిశ్శబ్దంగా నన్ను ఎవరూ వెక్కిరించలేదు.

ఇక మిగిలింది ఆ గడప. ఇంచుమించు ఎనిమిదడుగుల మంచి టేకు. దాన్ని బెంచీ చేద్దామన్నాను. "లక్ష్మి మీద కూసుంటవా?" అంది రాజమణి. అమ్ముదామన్నాను. "లక్ష్మిని అమ్ముతవా?" పక్కకు నిలబెడదామన్నాను. "గడపను నిలబెడ్తరా ఎక్కడన్న?" చివరికి ఆమే చోటు చూసింది. వాన తగలనిది, ఎవరి కాలూ పడనిది, తలుపు మూసుకోగలిగినది. ఇంట్లో అలాంటి చోటు ఒక్కటే ఉంది. షెడ్డు నడిమధ్యలో రెండు పీటల మీద దాన్ని పడుకోబెట్టి, పసుపు రాసి, దీపం పెట్టింది. దీపమున్న చోట పొగ కొట్టే బండి పెట్టకూడదు కదా. కాబట్టి కారు వీధిలో ఉండిపోయింది. చెరుకు ట్రాక్టర్లు దాన్ని నాలుగు సీజన్లు గీరి గీరి, అమ్మేనాటికి తెల్లకారును చారలకారు చేశాయి. చారలు పడకుండా పెట్టిన టేకు తలుపుల వెనక, జిల్లాలో ఎవరికీ లేని భద్రతలో, గడప ఇప్పటికీ పడుకుని ఉంది. తామరపువ్వు మీద కుంకుమ బొట్టు. చూసినవాళ్లు ఇప్పటికీ తాబేలనే అంటారు.

పాఠకుల సాక్షిగా ఒక ప్రమాణం చేసి ముగిద్దామని ఈ పొద్దున షెడ్డులోకి పోయాను. ఈ జన్మలో మళ్లీ రంపం, ఉలి, రందా ముట్టను. దర్వాజ సరే, రొట్టెల పీట కూడా చేయను. వడ్రంగి నోరు తెరిస్తే అతను మూసేదాకా నేను తెరవను. ఇలాంటి ప్రమాణం గట్టిదాని మీద చెయ్యి వేసి చేయాలి కాబట్టి గడప మీద చెయ్యి వేయబోయాను.

"స్నానం చేసినవా?" అని వంటింట్లోంచి వినపడింది.

చేయలేదు. కాబట్టి ప్రమాణం స్నానం తర్వాత. అప్పటిదాకా మాటవరసకు అన్నట్టే రాసుకోండి.